రాయి, ఈక, వాన చినుకు: పడే వస్తువుల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: పైనుంచి వదిలిన వస్తువు ఎంత వేగంగా పడుతుంది, గాలి దాన్ని ఎంతవరకు ఆపగలదు అని. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. లెక్కల్లో వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందనీ (దీన్నే గురుత్వ త్వరణం అంటారు), ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగుతుందనీ తీసుకున్నాం.

ప్రశ్న: బరువుతో సంబంధం లేకుండా అన్నీ ఒకే వేగంతో పడతాయని పాఠంలో చదివాను. ఒకే సైజున్న ఉక్కు గుండునీ టేబుల్ టెన్నిస్ బంతినీ రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే గుండే ముందు పడింది. పాఠం తప్పా, నేను చేసింది తప్పా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

జవాబు: రెండూ తప్పు కాదమ్మా. పాఠంలో ఉన్నది గాలి లేని చోట జరిగే సంగతి. నువ్వు వదిలింది గాలిలో.

ముందు గాలిని పక్కన పెడదాం. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే టేబుల్ టెన్నిస్ బంతి 2.7 గ్రాములు ఉంటుంది. అదే సైజు ఉక్కు గుండు దాదాపు 263 గ్రాములు తూగుతుంది. అంటే భూమి గుండును దాదాపు వంద రెట్లు గట్టిగా లాగుతోంది. కానీ ఆ గుండును కదిలించడమూ వంద రెట్లు కష్టమే. లాగే బలం ఎంత పెరిగిందో, కదలనని మొరాయించే గుణం, అదే జడత్వం, సరిగ్గా అంతే పెరిగింది. దానికీ దీనికీ చెల్లు. కాబట్టి రెండింటి వేగమూ ఒకేలా పెరుగుతుంది.

ఇప్పుడు గాలిని తీసుకురా. రెండూ ఒకే సైజు గోళాలు కాబట్టి ఒకే వేగం దగ్గర రెండింటినీ గాలి ఒకే బలంతో అడ్డుకుంటుంది. తేడా అంతా ఆ బలాన్ని దేనితో పోల్చాలి అన్నదాంట్లోనే ఉంది. సెకనుకు 5 మీటర్ల వేగం దగ్గర గాలి అడ్డు టేబుల్ టెన్నిస్ బంతి బరువులో మూడో వంతు ఉంటుంది. ఉక్కు గుండు బరువులో అది మూడు వందల వంతులకు ఒక వంతు కూడా మించదు. బంతికి అది పెద్ద దెబ్బ, గుండుకు లెక్కలోకి రానిది. పడే వస్తువు ఏదైనా సరే, ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: గాలి అడ్డు దాని బరువులో ఎన్నో వంతు?

ఒక మీటరు ఎత్తు నుంచి వదిలితే రెండింటికీ తేడా సెకనులో వందో వంతు. కంటికి తెలియదు, చెవికీ తెలియదు. రెండు మీటర్ల నుంచి వదిలితే గుండు నేలను తాకేసరికి బంతి ఇంకా పదిహేను, పద్దెనిమిది సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నువ్వు చూసింది అదే.

ఇంకోసారి చేసేటప్పుడు చెరో చేత్తో పట్టుకుని వదలకు. రెండు చేతులూ ఒకే క్షణంలో తెరుచుకోవు, ఆ తేడాయే అసలు ఫలితాన్ని మింగేస్తుంది. గట్టి అట్ట మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి, అట్టను ఒక్కసారిగా కిందికి లాగెయ్యి. అప్పుడు రెండూ కలిసే బయలుదేరతాయి.

ప్రశ్న: పుస్తకం మీద కాగితం పెట్టి వదిలితే రెండూ కలిసే పడుతున్నాయి. గాలి లేకపోతే అన్నీ సమానంగా పడతాయనడానికి ఇది రుజువేనా?

జవాబు: సగం రుజువు. కాగితం పుస్తకం కంటే చిన్నదిగా, అంచు ఎక్కడా బయటికి రాకుండా ఉండాలి. అప్పుడు ఎదురుగాలిని పుస్తకమే చీల్చుకుంటూ పోతుంది, కాగితానికి అది తగలదు. అయితే వేగంగా కదిలే పుస్తకం వెనుక గాలి ఒత్తిడి కొంత తగ్గి, గాలి కూడా పుస్తకం వెంటే కిందికి వస్తుంది. దానివల్ల కాగితానికి కాస్త సాయం కూడా అందుతుంది. కాగితాన్ని ఉండగా నలిపి పుస్తకం పక్కనే ఒక మీటరు ఎత్తు నుంచి వదలడం దీనికన్నా నిజాయితీ గల పరీక్ష. బరువు మారలేదు, ఆకారమే మారింది, అయినా దాదాపు కలిసే పడతాయి.

ప్రశ్న: గెలీలియో నిజంగానే పీసా గోపురం ఎక్కి గుండ్లు వదిలాడా?

జవాబు: ఆ కథ ఆయన శిష్యుడు విన్సెంజో వివియానీ రాసిన జీవిత చరిత్రలోది. అలాంటి ప్రదర్శన చేశానని గెలీలియో తన రచనల్లో చెప్పుకోలేదు. అంతకు ముందే రాతపూర్వకంగా దొరికే ప్రయోగం ఒకటి గణితవేత్త సైమన్ స్టెవిన్‌ది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, ఒకటి మరోదానికి పది రెట్లు బరువున్న రెండు సీసపు గుండ్లను ముప్పై అడుగుల ఎత్తు నుంచి చెక్క పలక మీదికి వదిలి, రెండు చప్పుళ్లూ ఒక్కటిగా వినిపించాయని 1586లో ప్రచురించాడు. చూపును నమ్మకుండా చప్పుడును నమ్మడం మంచి ఆలోచన.

గెలీలియో గొప్పతనం వేరేచోట ఉంది. నిట్టనిలువుగా పడేది కొలవలేనంత వేగంగా పోతుంది కాబట్టి ఆయన వాలు పలక మీద గుండును దొర్లించి ఆ పడటాన్ని నెమ్మది చేశాడు, కాలాన్ని కారే నీటిని తూచి కొలిచాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఒక తర్కం కూడా పెట్టాడు. బరువైన రాయి వేగంగా, తేలికది నెమ్మదిగా పడుతుందనుకుందాం. రెండింటినీ తాడుతో కట్టి వదిలితే తేలికది బరువైనదాన్ని వెనక్కి లాగాలి, కాబట్టి జోడీ నెమ్మదించాలి. కానీ కలిపి చూస్తే జోడీ ఇంకా బరువైనది, కాబట్టి ఇంకా వేగంగా పడాలి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఏ పరికరమూ లేకుండా ఇంత శుభ్రంగా తేలిన విషయాలు భౌతికశాస్త్రంలో అరుదు.

కంటితో చూడాలంటే చంద్రుడి మీది ప్రయోగం ఉంది. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత్తో 1.3 కిలోల సుత్తినీ ఇంకో చేత్తో 30 గ్రాముల డేగ ఈకనూ పట్టుకుని దాదాపు 1.6 మీటర్ల ఎత్తు నుంచి వదిలారు. అక్కడి ఆకర్షణ మన దగ్గరిదాంట్లో ఆరో వంతు కాబట్టి సుమారు 1.4 సెకన్లు పట్టింది. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేలను తాకాయి.

ప్రశ్న: స్టాప్‌వాచ్‌తో పిల్లలచేత గురుత్వ త్వరణం కొలిపిస్తుంటే ఒకసారి 7, ఒకసారి 13 వస్తోంది. గుండును రెండు మీటర్ల ఎత్తు నుంచే వదులుతున్నాం. పొరపాటు ఎక్కడుంది? (ఫిజిక్స్ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, పొరపాటు పిల్లలది కాదు, ఎంచుకున్న పద్ధతిది. రెండు మీటర్లు పడటానికి పట్టేది 0.64 సెకను. చూసి బొటనవేలు నొక్కడానికి మనిషికి పట్టేదే సుమారు 0.2 సెకను. వదిలినప్పటి ఆలస్యం, ఆపినప్పటి ఆలస్యం కొంత చెల్లిపోయినా పదో వంతు సెకను అటో ఇటో మిగులుతుంది. 0.74 అని చదివితే జవాబు 7.3 వస్తుంది, 0.55 అని చదివితే 13 దాటుతుంది. కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి తప్పు రెట్టింపై కూర్చుంటుంది.

లోలకంతో చేయించండి. వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్య వరకు సరిగ్గా ఒక మీటరు ఉండాలి. పది డిగ్రీలు మించకుండా పక్కకి లాగి వదిలి, ఇరవై పూర్తి ఊపులకు కాలం చూడండి. 40 సెకన్లకు కాస్త పైన వస్తుంది. 39.48ని (అంటే 4π²ని) మీటర్లలో పొడవుతో గుణించి, ఒక ఊపు కాలపు వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం. ఇక్కడ 0.2 సెకను తప్పు పోయినా ఫలితంలో ఒక్క శాతమే తేడా.

ఇందులోనూ జారే చోట్లు మూడున్నాయి. పొడవును గుండు పైభాగం వరకే కొలవడం ఒకటి, సెంటీమీటరుకు ఒక శాతం తప్పుతుంది. ముప్పై డిగ్రీల దాకా లాగి వదలడం రెండోది, ఫలితం మూడు శాతం పైగా తగ్గిపోతుంది. ఎక్కువమంది చేసేది మూడోది: వాచీ నొక్కుతూ "ఒకటి" అని లెక్క మొదలుపెట్టడం. "సున్నా" అనాలి. లేకపోతే పంతొమ్మిది ఊపుల్నే ఇరవై అనుకుంటాం, ఫలితం పది శాతం ఎక్కువ వస్తుంది.

నిట్టనిలువు పతనాన్నే చూపించాలనుకుంటే ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ వాడండి. ప్రతి పన్నెండో ఫ్రేము దగ్గర గుండు ఎక్కడుందో గుర్తుపెడితే ఒక్కో విరామం 0.05 సెకను అవుతుంది. ఒక విరామంలో పడిన దూరం దాని ముందు విరామంలో పడినదాని కంటే 2.45 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. స్కేలును గోడకు అంటించకండి. కెమెరా మూడు మీటర్ల దూరంలో ఉండి, గోడ గుండుకు 30 సెంటీమీటర్లు వెనక ఉంటే దూరాలన్నీ పది శాతం ఎక్కువగా కనిపిస్తాయి. గుండు పడే గీత పక్కనే, అదే దూరంలో స్కేలు నిలబెట్టాలి.

ప్రశ్న: వాన చినుకు రెండు కిలోమీటర్ల పైనుంచి పడుతుంది కదా, మరి తల మీద పడితే దెబ్బ ఎందుకు తగలదు?

జవాబు: గాలే లేకపోతే తగిలేది. రెండు కిలోమీటర్లు అడ్డులేకుండా పడిన చినుకు సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో వచ్చేది. నిజానికి ఒక మిల్లీమీటరు చినుకు నేలకు చేరే వేగం సెకనుకు 4 మీటర్లు, రెండు మిల్లీమీటర్లదైతే ఆరున్నర, ఐదు మిల్లీమీటర్ల లావుపాటి చినుకైతే 9 మీటర్లు.

ఏం జరుగుతుందంటే, చినుకు వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డూ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. ఒక దశలో అడ్డు బరువుకు సమానమవుతుంది. అక్కడితో వేగం పెరగడం ఆగిపోతుంది. ఆ వేగాన్నే చరమ వేగం, లేదా టెర్మినల్ వెలాసిటీ అంటారు. మిల్లీమీటరు చినుకు కొద్ది మీటర్ల లోపే ఆ వేగాన్ని అందుకుంటుంది, మిగతా దారంతా ఒకే వేగంతో వస్తుంది. రెండు కిలోమీటర్ల నుంచి పడినా రెండు వందల మీటర్ల నుంచి పడినా తల మీద ఒకటే.

చినుకు బొమ్మ వేయమంటే అందరూ పైన మొన, కింద గుండ్రం వేస్తారు. పడే చినుకు అలా ఉండదు. చిన్నది నిండు గుండ్రంగా ఉంటుంది, పెద్దది కింది వైపు నొక్కుకుపోయి బన్ను ఆకారంలోకి వస్తుంది. ఆరేడు మిల్లీమీటర్లు దాటితే గాలి తాకిడికి చిట్లిపోతుంది. అంతకు మించిన చినుకులు ఉండకపోవడానికి కారణం కూడా గాలే.

మబ్బులోని బిందువుల సంగతి ఇంకా విచిత్రం. 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న బిందువు చరమ వేగం సెకనుకు 1.2 సెంటీమీటర్లు. కిలోమీటరు దిగడానికి దాదాపు 23 గంటలు పడుతుంది. చిన్నపాటి గాలి పైకి వీచినా అది దిగనే దిగదు. మబ్బు తేలుతున్నట్టు కనిపించేది అందుకే: ఆ నీళ్లు పడుతూనే ఉన్నాయి, కానీ అంత నెమ్మదిగా.

ప్రశ్న: బరువు రెట్టింపైతే చరమ వేగమూ రెట్టింపవుతుందా? ఇంట్లో తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు: అవదు. అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆకారం, సైజు అవే ఉండి బరువు నాలుగు రెట్లయితేనే వేగం రెట్టింపవుతుంది. బరువు రెట్టింపైతే వేగం 1.41 రెట్లు.

కప్‌కేకులు కాల్చడానికి వాడే పల్చటి కాగితపు గిన్నెలు ఐదు తీసుకోండి. అడుగు కిందికి, నోరు పైకి ఉండేలా ఒకదాన్ని వదిలితే నిటారుగా, నెమ్మదిగా దిగుతుంది. నాలుగింటిని ఒకదానిలో ఒకటి దూర్చితే ఆకారం మారకుండా బరువు నాలుగు రెట్లవుతుంది. ఒంటి గిన్నెను రెండు మీటర్ల ఎత్తు నుంచి, నాలుగింటి కట్టను నాలుగు మీటర్ల ఎత్తు నుంచి ఒకేసారి వదలాలి. సిద్ధాంతం ప్రకారం దాదాపు కలిసే నేలను తాకాలి.

"దాదాపు" అనడానికి కారణం ఉంది. కట్ట సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. చాలామంది దీన్ని చూసి ప్రయోగం చెడిందనుకుంటారు. చెడలేదు. బరువైన కట్ట తన చరమ వేగం అందుకోవడానికే ఎక్కువసేపు పడుతుంది, ఆ ఆలస్యం మొదట్లోనే జరిగిపోతుంది. అందుకే ఎత్తులను రెండింతలు చేసినా ఆ పదో వంతు అలాగే ఉంటుంది, పెరగదు. ఫ్యాను ఆపేయడం, కిటికీ మూయడం మరిచిపోకండి. ఇంత తేలిక వస్తువుకు గదిలో తిరిగే గాలి కూడా పెద్ద అల్లరే.

ప్రశ్న: స్కైడైవింగ్ వీడియోల్లో పారాచూట్ తెరవగానే మనిషి ఒక్కసారిగా పైకి ఎగిరిపోతాడు. నిజంగా పైకి వెళతాడా?

జవాబు: ఒక్క అడుగు కూడా వెళ్లడు. వీడియో తీసేవాడు ఇంకా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పడుతున్నాడు. పారాచూట్ తెరిచినవాడి వేగం కొద్ది సెకన్లలో గంటకు 20కి తగ్గిపోయింది. మనం రైల్లో ముందుకు పోతుంటే స్టేషన్ వెనక్కి పోయినట్టు, అతను పైకి పోయినట్టు కనిపిస్తాడు.

దీని పక్కనే ఇంకో అపోహ ఉంది, దూకినంతసేపూ బరువే తెలియదని. విమానం వదిలిన మొదటి ఒకటి రెండు సెకన్లే అలా ఉంటుంది. ఐదో సెకను దగ్గర వేగం సెకనుకు 39 మీటర్లు, పదో సెకను దగ్గర 52, ఆ తర్వాత 55 దగ్గర నిలిచిపోతుంది. అప్పటికి గాలి అతని పూర్తి బరువును మోస్తోంది. బోర్లా పడుకున్న పరుపు మీద ఎంత బరువు తెలుస్తుందో అక్కడా అంతే తెలుస్తుంది. తలకిందులుగా, చేతులు ఒంటికి అంటించి పడితే ఎదురయ్యే వైశాల్యం తగ్గి వేగం గంటకు 250 దాటుతుంది. ముందు దూకినవాణ్ణి వెనక దూకినవాడు అందుకోగలిగేది ఇలాగే.

ప్రశ్న: స్కూల్లో గుడ్డు పగలకుండా దించే పోటీ పెట్టారు. ఎత్తు పది మీటర్లు. మా అబ్బాయి టవల్‌తో పారాచూట్ చేస్తే ఊగి ఊగి గుడ్డు పగిలింది. సైజు ఎంత పెట్టాలి, ఎలా కట్టాలి? (ఒక తల్లి)

జవాబు: మొదటి సమస్య టవలే అమ్మా. ఒంటికి తుడుచుకునే టవల్ చదరపు మీటరుకు 400 గ్రాముల దాకా ఉంటుంది. కావాల్సిన సైజులో అది 110 గ్రాములు తూగుతుంది, గుడ్డు 60 గ్రాములే. దించాల్సినదాని కంటే దించేది బరువైపోయింది. పైగా గట్టిగా ఉండి సరిగ్గా విచ్చుకోదు. పల్చటి పాలిథీన్ షీటు తీసుకోండి. 20 మైక్రాన్ల మందమైతే అదే సైజు 5 గ్రాములు.

సైజు లెక్క ఇలా వేయాలి. మొత్తం బరువును న్యూటన్లలో తీసుకుని, రెండుతో గుణించి, గాలి సాంద్రత, నిరోధ గుణకం, వేగపు వర్గం ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే వైశాల్యం వస్తుంది. నిరోధ గుణకం అంటే ఆకారాన్ని బట్టి గాలి ఎంత అడ్డుతుందో చెప్పే అంకె. పరిచినప్పటి వైశాల్యానికి దాన్ని 0.8 అనుకోవచ్చు. గుడ్డు, బుట్ట, దారాలు, షీటు కలిపి 85 గ్రాములనుకుందాం, అంటే 0.83 న్యూటన్లు. దిగే వేగం సెకనుకు రెండున్నర మీటర్లు కావాలంటే 0.28 చదరపు మీటర్లు, అంటే 60 సెంటీమీటర్ల వ్యాసం. ఆ వేగంతో దిగడమంటే 32 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడవడంతో సమానం. చుట్టూ స్పాంజి ఉన్న గుడ్డు దానికి తట్టుకుంటుంది. పారాచూట్ లేకుండా పది మీటర్లు పడితే వేగం సెకనుకు 14 మీటర్లు. వేగాన్ని ఇంకా సగానికి తగ్గించాలంటే వ్యాసం రెట్టింపు, అంటే 120 సెంటీమీటర్లు కావాలి. అంత పెద్దది పది మీటర్ల లోపు తీరిగ్గా విచ్చుకోదు, ఏమాత్రం గాలి వీచినా పక్కకి కొట్టుకుపోతుంది. 60, 70 మధ్య ఆగడం మేలు.

60 సెంటీమీటర్ల చదరాన్ని సగానికి, మళ్లీ సగానికి మడవండి. నడిమధ్య మూల ఎటుందో చూసుకుని, ఆ మూల నుంచి ఐమూలగా మూడో మడత వేయండి. కొన నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో వంపుగా కత్తిరిస్తే గుండ్రం వస్తుంది. విప్పితే ఎనిమిది మడత గీతలు కనిపిస్తాయి, దారాలు కట్టే ఎనిమిది చోట్లూ అవే. ఏదీ కొలవనక్కర్లేదు.

కొనను కూడా 3 సెంటీమీటర్లు కత్తిరించేయండి. మధ్యలో 6 సెంటీమీటర్ల రంధ్రం పడుతుంది. వైశాల్యంలో ఒక్క శాతమే పోతుంది కానీ మీ అబ్బాయి పారాచూట్ ఊగడానికి మందు అదే. లోపల చిక్కుకున్న గాలికి దారి లేకపోతే ఒక అంచు ఎత్తి బయటికి దూకుతుంది, పారాచూట్ అటు వంగుతుంది, వెంటనే ఎదుటి అంచు నుంచి దూకుతుంది. అలా లోలకంలా ఊగుతూ దిగుతుంది. నడినెత్తిన దారి ఇస్తే గాలి అక్కడి నుంచి నిలకడగా పోతుంది.

దారాలు ఎనిమిదీ 70 సెంటీమీటర్ల చొప్పున ఉండాలి. 30, 40 సెంటీమీటర్లే పెడితే అవి అంచుల్ని లోపలికి లాగి నోరు మూసేస్తాయి, 60 సెంటీమీటర్ల పారాచూట్ 40 సెంటీమీటర్లదానిలా పనిచేస్తుంది. దారం గుచ్చే చోట లోపలా బయటా టేపు అంటించాకే సూదితో గుచ్చాలి, లేకపోతే విచ్చుకునే కుదుపుకే షీటు చీలుతుంది. అన్నీ కట్టాక నెత్తి దగ్గర పట్టుకుని వేలాడదీసి చూడండి. దారాలన్నీ బిగువుగా ఉండాలి. ఏ ఒక్కటి వదులుగా వేలాడినా ఆ పక్క అంచు పైకి లేచి పారాచూట్ పక్కకి జారుకుంటూ పోతుంది. మొదటిసారి గోడకు కొట్టుకుని ఉంటే కారణం ఇదే కావచ్చు.

వదిలేటప్పుడు ఉండలా చుట్టి విసరవద్దు. నడినెత్తిన పట్టుకుని, గుడ్డు కింద వేలాడుతుండగా, చెయ్యి గోడకు దూరంగా చాచి వదలాలి. ఒక మీటరు లోపే విచ్చుకుంటుంది. గుడ్డు పెట్టే ముందు అంతే బరువున్న మట్టి ముద్దతో మూడు నాలుగు సార్లు వదిలి చూడండి.

ప్రశ్న: ఎత్తయిన భవనం మీంచి నాణెం పడితే కింద ఉన్నవాళ్ల తల పగులుతుందంటారు, నిజమా?

జవాబు: నాణేనికి అంత శక్తి లేదు. 5 గ్రాముల నాణెం దొర్లుకుంటూ పడితే చరమ వేగం గంటకు 50 నుంచి 70 కిలోమీటర్లు. మూడు వందల మీటర్ల నుంచి పడినా అంతే. చురుక్కుమంటుంది, పుర్రె పగలదు. అలాగని వదిలి చూడవద్దు, కంటికి తగిలితే ఆ వేగమూ ప్రమాదమే.

కానీ ఈ జవాబును ఇనుప సామాన్లకు ఎవరూ వర్తింపజేయకూడదు. పావుకిలో స్పానర్ 20 మీటర్ల నుంచి పడితే గంటకు 70 కిలోమీటర్ల వేగంతోనే వస్తుంది, నాణెం వేగంతో సమానం. కానీ బరువు యాభై రెట్లు, కాబట్టి దెబ్బ శక్తీ యాభై రెట్లు. ఆ ఎత్తులో గాలి దాన్ని ఆపేది దాదాపు ఏమీ లేదు, ఇంకా పైనుంచి పడితే వేగం ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పరంజా మీద పనిచేసేవాళ్లు పనిముట్టును తాడుతో నడుముకు కట్టుకోవాలి. పలకల అంచున అడ్డుపట్టీ ఉండాలి. కింద మనుషులు నడిచే దారిని తాళ్లతో మూసేయాలి. హెల్మెట్ ఇవన్నీ చేశాక చివరి రక్షణే తప్ప మొదటిది కాదు.

ప్రశ్న: చీమ ఎంత ఎత్తు నుంచి పడినా ఏమీ కాదు, ఎందుకు?

జవాబు: ఒకే ఆకారాన్ని అన్నివైపులా పది రెట్లు తగ్గిస్తే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, గాలికి ఎదురయ్యే వైశాల్యం మాత్రం వందో వంతే అవుతుంది. బరువుతో పోలిస్తే వైశాల్యం పది రెట్లు పెరిగినట్టు. చీమ చరమ వేగం సెకనుకు రెండు మూడు మీటర్లకు మించదు. ఆ వేగంలో దాని ఒంటికి తగిలే దెబ్బ కూడా దాని బరువుకు తగినంత చిన్నదే. బల్ల మీంచి పడినా గోపురం మీంచి పడినా దానికి తేడా లేదు.

ప్రశ్న: అంతరిక్షపు అంచు నుంచి దూకిన ఫీలిక్స్ బామ్‌గార్ట్‌నర్ ధ్వని వేగాన్ని దాటాడని, ఆ తర్వాత పారాచూట్ తెరవకముందే వేగం తగ్గిందని చదివాను. కిందికి పడుతున్నవాడి వేగం తగ్గడమేమిటి?

జవాబు: చరమ వేగం అంటే ఎక్కడైనా ఒకటే అంకె అనుకోవడం వల్ల ఈ సందేహం వస్తుంది. అది చుట్టూ ఉన్న గాలి చిక్కదనాన్ని బట్టి మారుతుంది. సాంద్రత నాలుగో వంతుకు తగ్గితే చరమ వేగం రెట్టింపు.

2012 అక్టోబరు 14న ఆయన దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకారు. అక్కడ గాలి నేల దగ్గరున్నదాంట్లో అర శాతం కూడా లేదు కాబట్టి మొదట్లో దాదాపు శూన్యంలో పడినట్టే వేగం పుంజుకుంది. అత్యధికంగా గంటకు 1,357.6 కిలోమీటర్లు, అంటే సెకనుకు 377 మీటర్లు అందుకున్నారు. అది 28 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో. అక్కడ గాలి సాంద్రత నేల దగ్గరి దాంట్లో రెండు శాతం. అంటే యాభయ్యో వంతు. యాభై వర్గమూలం ఏడు. మామూలు స్కైడైవర్ వేగం 55ని ఏడుతో గుణిస్తే 385. ధ్వని వేగం దగ్గర అడ్డు పెరగడం, బరువైన సూటు, ఒంటి భంగిమ లాంటివన్నీ వదిలేసి వేసిన మోటు లెక్క ఇది, అయినా అసలు అంకెకు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

అక్కడి నుంచి కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడింది. ఆ వేగం దగ్గర చిక్కటి గాలి ఇచ్చే అడ్డు ఆయన బరువును మించిపోయింది. భూమి కిందికి లాగుతూనే ఉంది, గాలి అంతకంటే గట్టిగా ఆపుతోంది. అందువల్ల కిందికే పడుతూ నెమ్మదించారు. నాలుగు నిమిషాల పైచిలుకు పడిన తర్వాత పారాచూట్ లాగే వేళకు నాలుగు కిలోమీటర్ల నుంచి దూకే ఏ స్కైడైవర్ వేగం ఎంతో ఆయనదీ ఇంచుమించు అంతే.